ముందు బొమ్మ, తర్వాత కథ

రెండో అంతస్తులో అక్క పని చేసుకునే గది. వారపత్రికలో సీరియల్ రాసే తమ్ముడు వచ్చి కూర్చున్నాడు. ఆ సీరియల్‌కి బొమ్మలు వేసే అక్క కుంచెలు కడుగుతూనే ఉంది. టీ చల్లారిపోయింది గానీ, వచ్చిన పని మాత్రం అయ్యగారి నోట్లోంచి ఇంకా ఊడిపడలేదు.

“…అదే అక్కా నేననేది. నవల అన్నాక దానికో స్థాయి ఉంటుంది.”

“ఉంటుంది. తర్వాత?”

“అంటే, పత్రికలో వచ్చేటప్పుడు ఒక స్థాయి. పుస్తకంగా వచ్చేటప్పుడు ఇంకో స్థాయి.”

“మెట్లెక్కుతోందన్నమాట. ఎక్కనీ. తర్వాత?”

“నువ్వలా తర్వాత తర్వాత అంటుంటే నేను చెప్పలేను.”

“సీరియల్ రాసేవాడివి, ‘తర్వాత’ అన్న మాటకి బెదిరిపోతే ఎలారా?”

“బెదరడం ఏంటి? నేనేం బెదరలేదు. పుస్తకం సంగతి మాట్లాడుతున్నా. పబ్లిషర్ ఏమన్నాడంటే…”

“బొమ్మలు వద్దన్నాడు.”

“నీకెవరు చెప్పారు?”

“ఆయనే పొద్దున ఫోన్ చేశాడు. ‘మీ తమ్ముడుగారు బొమ్మలు వద్దంటున్నారండీ, మీకేం అభ్యంతరం లేదుగా’ అన్నాడు. ఆయనన్నాడని నువ్వంటావు, నువ్వన్నావని ఆయనంటాడు. మీ ఇద్దర్లో ఎవరికి నోరుందో తేల్చుకుని రావాల్సింది.”

“అది… ఇద్దరం కలిసి అనుకున్నాం.”

“ఎవరన్నారో తెలీని మాట ఇద్దరూ కలిసి అనుకున్నారు. బావుంది. అట్ట మీద ఏం వేస్తున్నారు మరి?”

“అట్ట చాలా సింపుల్‌గా ఉంటుందక్కా. మొత్తం నీలం రంగు. మధ్యలో ఒక చుక్క.”

“చుక్కేంటి?”

“చుక్కే.”

“ఎందుకు?”

“అర్థం పాఠకుడికే వదిలేశాం.”

“మీకు తెలీనివన్నీ పాఠకుడికి వదిలెయ్యడం బాగా అలవాటైంది. ఆ చుక్క ఎవరు పెట్టారు?”

“డిజైనర్. పెద్ద పేరున్నాయన. నవల చదవకుండానే పెట్టాడు, అదీ ఆయన గొప్పతనం.”

“చదివి ఉంటే అది కూడా పెట్టేవాడు కాదులే.”

“చూశావా, నీకు కోపం వచ్చింది. అక్కా, నువ్వే ఆలోచించు. పెద్దవాళ్ళు చదివే నవలల్లో బొమ్మలెక్కడైనా ఉంటాయా? పిల్లల పుస్తకాల్లో ఉంటాయి. ఒక ఏనుగు, ఒక కుందేలు, కింద నాలుగు ముక్కలు.”

“ఆ నాలుగు ముక్కలు రాయాలన్నా ఏనుగుని చూసి ఉండాలిరా.”

“మొన్న సభలో విమర్శకుడుగారు ఏమన్నారో తెలుసా? ‘ఈ బొమ్మలు తీసేస్తే ఇది గొప్ప నవల’ అన్నారు.”

“ఆయన ఏ సభకి వెళ్ళినా ఏదో ఒకటి తీసెయ్యమంటాడు. అంతకుముందు సభలో కవితలు తీసేస్తే ముందుమాట గొప్పగా ఉందన్నాడు. ఆ కవిగారు ఇంకా కోలుకోలేదు.”

“వెటకారం వద్దు. ఆయన మాటలో పాయింటుంది. బొమ్మ పాఠకుడి ఊహకి అడ్డం. నేను ‘ఆమె’ అని రాస్తే ఎవరికి తోచిన మొహం వాళ్ళు ఊహించుకుంటారు. నువ్వొక మొహం వేసేసి వాళ్ళ ఊహకి గొళ్ళెం పెట్టేస్తావు.”

“నువ్వు ‘ఆమె’ అని రాస్తే ఎవడూ ఏ మొహమూ ఊహించుకోడు. ఆవలించి పేజీ తిప్పుతాడు. బస్సులో చూడు ఎప్పుడైనా. పత్రిక తెరిచినవాడి కళ్ళు ముందు ఎక్కడికి పోతాయో చూడు. ఆవిడ తల ఎందుకు దించుకుందా అని బొమ్మ చూసి, అప్పుడు నీ రాత మొదలుపెడతాడు.”

“అది అలవాటు. గుమ్మానికి వేసిన రంగు ముందు కనపడుతుంది, నిజమే. కానీ ఇల్లు కట్టిందెవరు?”

“కట్టావులే. నా గుమ్మం చూసుకుని గోడలు లేపావు.”

“అంటే?”

“ఏం లేదు. నువ్వు చెప్పు.”

“నీ పేరు ముందుమాటలో వేస్తాను కదా.”

“ఎక్కడ?”

“చివర్లో. కృతజ్ఞతల్లో.”

“ఎవరి తర్వాత?”

“దానికి వరసేముందక్కా…”

“ఎవరి తర్వాత?”

“పబ్లిషర్, విమర్శకుడుగారు, ప్రూఫులు చూసినాయన, కరెంటు పోయినప్పుడల్లా ఇన్వర్టర్ ఇచ్చిన పక్కింటాయన… ఆ తర్వాత నువ్వు.”

“ఇన్వర్టర్ తర్వాత నేను.”

“పక్కింటాయన తర్వాత.”

“ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్ళని చూశాను గానీ, ఏటి మధ్యలో ఉండగానే అగ్గిపెట్టె తీసినవాణ్ణి నిన్నే చూశానురా.”

“మధ్యలో ఏంటి?”

“ఆఖరి భాగం ఇంకా రాయలేదుగా నువ్వు.”

“రాసేస్తా. మనసులో అంతా ఉంది. కాగితం మీద పెట్టడమే తరువాయి. ఇంతకీ… అదీ… ఈ వారం బొమ్మ అయిపోయిందా?”

“అదిగో! ఊరక రారు మహానుభావులు.”

“ఊరికే అడిగానక్కా.”

“అదిగో, ఆ బోర్డు మీద ఉంది.”

“గుడ్డ కప్పావేంటి?”

“దుమ్ము పడకుండా.”

“తీసి చూడనా?”

“ముట్టుకున్నావంటే ఈ తడి కుంచెతోనే కొడతాను. ఎందుకు నీకు? గుమ్మానికి రంగేగా. నువ్వు ఇల్లు కట్టుకుని రా, గుమ్మం ఎటుందో చూసి పూస్తాను.”

“అలా ఎలా కుదురుతుంది? రంగుల పేజీలు ముందు అచ్చవుతాయి, మామూలు పేజీలు ఆ తర్వాత. కాబట్టి ముందు బొమ్మ వెళ్ళాలి, తర్వాత కథ వెళ్ళాలి. ఇది నేను పెట్టిన రూలా? ప్రెస్సు వాళ్ళ రూలు.”

“తెలుసులేవోయ్. అందుకే మొదట్లో ముందుగా ఫోన్ చేసి, ఈ వారం కథ ఇదీ అని చెవి వేడెక్కేదాకా చెప్పేవాడివి. తర్వాత రెండు ముక్కల్లో తేల్చేవాడివి. ఆ తర్వాత ‘నీకు తోచింది వేసెయ్ అక్కా’ అయింది. ఈమధ్య అసలు ఫోనే లేదు.”

“నీ మీద నమ్మకం.”

“నమ్మకమా, బద్ధకమా?”

“ఆర్టిస్టుకి స్వేచ్ఛ ఇవ్వాలని…”

“వద్దు నాయనా, స్వేచ్ఛ వద్దు. ఇవాళ చెప్పు. ఆఖరి భాగం గురించి ఒక్క వాక్యం చెప్పు, గుడ్డ తీసేస్తా.”

“చెప్పడానికేముంది. పోయినవారం ఎక్కడ ఆపాం? ఆవిడ పెట్టె సర్దుకుని గుమ్మం దాకా వచ్చింది. ఇప్పుడు… ఈ వారం… ఆవిడ…”

“ఆ, ఆవిడ?”

“ఆవిడ మనసులో ఒక మహా మౌనం.”

“మౌనాన్ని ఏ రంగులో వెయ్యమంటావు?”

“అది కాదు. ఆ మౌనంలోంచి ఒక నిర్ణయం…”

“ఏం నిర్ణయం?”

“పెద్ద నిర్ణయం.”

“వెళ్తుందా, ఉంటుందా?”

“వెళ్ళడం, ఉండటం అనేవి పైపై మాటలక్కా. తాత్వికంగా చూస్తే…”

“తాత్వికంగా చూస్తే పెట్టె గడపకి ఇటుందా, అటుందా? నేను వెయ్యాల్సింది పెట్టెరా, తత్వం కాదు.”

“ఫోన్ మోగుతోంది నీది.”

“వినపడుతోంది. ఈలోగా నువ్వు నీళ్ళు నములుతూ ఉండు. హలో… ఆ, చెప్పండి. బొమ్మా?… ఆ, మీ రచయిత ఇక్కడే ఉన్నాడు… లేదండీ, మాట్లాడలేడు, మహా మౌనం పట్టుకుంది… ఆరింటికి పేజీ మిషనెక్కాలా? అలాగే… లేకపోతే సీరియల్ బదులు జుట్టు నూనె ప్రకటన వేసేస్తారా? వెయ్యండి, దాన్నీ జనం చదువుతారు… ఉంటాను.”

“ఎందుకక్కా పరాయివాళ్ళ ముందు నా పరువు తీస్తావు?”

“లేనిది ఎలా తీస్తాను?”

“నవ్వులాట కాదు. ఆఖరి భాగం పడకపోతే నా గతేంటి? చివర లేని నవలని పుస్తకం ఎవడు వేస్తాడు? ఇన్నేళ్ళకి ఒక్కటి నిలబడిందనుకుంటుంటే…”

“పిల్లి గుర్తుందా నీకు?”

“ఏ పిల్లి?”

“నీ నవల్లో నల్లపిల్లి. విమర్శకుడుగారు దాని మీదే అరగంట మాట్లాడాడే.”

“ఆ. ‘ఆ పిల్లి ఆమె అంతరాత్మ’ అన్నారు. మంచి పరిశీలన.”

“అది ఇంకు మరక.”

“ఏంటీ?”

“సీసా ఒలికింది. మళ్ళీ వెయ్యడానికి టైము లేదు, ఓపికా లేదు. మరకకి రెండు చెవులూ ఒక తోకా పెట్టి పంపించేశాను. నువ్వు దాంట్లోంచి మూడు పేజీల అంతరాత్మ పిండావు.”

“అది… ఒక్కోసారి అనుకోకుండా జరిగినవే…”

“ఉండు, ఇంకా ఉంది. తర్వాతి వారం పిల్లిని వెయ్యడం మర్చిపోయాను. బొమ్మలో పిల్లి లేదని నువ్వు దాన్ని లారీ కింద పడేసి చంపావు. పత్రికకి ఉత్తరాలే ఉత్తరాలు. ఒకావిడ భోజనం మానేసిందట.”

“మర్చిపోయావా? నువ్వు మర్చిపోయావా? ఆ చావు రాస్తూ నేను వెక్కివెక్కి ఏడ్చాను తెలుసా!”

“అదే చెప్తున్నా. నా మతిమరుపుకి నువ్వు ఏడ్చావు, దానికి జనం ఏడ్చారు. మరి ఆవిడ కాలి చెప్పుకి పిన్నీసు, ఆ ఊహ ఎవరిది?”

“అది మాత్రం నాది. ‘గుచ్చుకునే కాపురం’ అన్న మాట నాది. బహుమతి వచ్చింది దానికే.”

“మాట నీదే. పిన్నీసు ఎవరు పెట్టారు? ఆవిడ చెప్పు తెగిందని నీకెవరు చెప్పారు? నేను పాదం దగ్గర చిన్న గీత గీస్తే నువ్వు భూతద్దం పెట్టి చూసి బహుమతి కొట్టుకొచ్చావు.”

“అక్కా, చాల్లే ఇక.”

“చాల్లే కాదు. బళ్ళో ‘మా ఇల్లు’ అని వ్యాసం రాసుకు రమ్మంటే, పలక పట్టుకుని నా దగ్గరికొచ్చి ‘ముందు ఇల్లు వెయ్యవే’ అన్నవాడివి. ఇంట్లో కూర్చుని ఇంటి గురించి రాయడానికి నీకు ఇంటి బొమ్మ కావాల్సొచ్చింది. ఒప్పుకో. నువ్వు రాసింది నేను వెయ్యడం లేదు. నేను వేసింది నువ్వు రాస్తున్నావు.”

“సరే. ఒప్పుకున్నా. అయిందా? ఖాళీ కాగితం ముందు కూర్చుంటే నాకొక్క ముక్క రాదు. భయమేస్తుంది. నీ బొమ్మ ఎదురుగా గోడకి అంటించుకుని, ఆవిడ ఎటు తిరిగి నిలబడిందో, చెయ్యి ఎక్కడ ఆనించిందో చూస్తే గానీ ఆవిడ మనసులో ఏముందో నాకు తెలీదు. ఎవరికీ చెప్పకు.”

“చెప్పను. అట్ట మీద వేయిస్తాను.”

“అక్కా!”

“అట్ట మీద నా పేరు ఉండాలి. నీ పేరు ఎంత లావుంటే నాదీ అంతే లావు. బొమ్మలన్నీ లోపల ఉండాలి, పిల్లితో సహా. ఆ చుక్క తీసుకెళ్ళి ఆ డిజైనర్‌కే ఇచ్చెయ్యి.”

“విమర్శకుడుగారు ఏమంటారు?”

“ఇంకు మరకని అంతరాత్మ అన్నాయన, రేపు ఇంకేదైనా అంటాడు. ఊఁ అను.”

“పబ్లిషర్ ఒప్పుకోవద్దూ?”

“ఇద్దరూ కలిసి అనుకోండి. అలవాటేగా.”

“సరే, ఊఁ. నీ పేరు, నీ బొమ్మలు, నీ పిల్లి. నీకో దణ్ణం. ఇప్పుడా గుడ్డ తియ్యి తల్లీ, టైమైపోతోంది.”

“నువ్వే తీసుకో.”

“ఆ… అక్కా.”

“ఊఁ.”

“ఇది తెల్లకాగితం.”

“తెలుసు.”

“దీని మీద ఏమీ లేదు.”

“కళ్ళు బానే ఉన్నాయి నీకు.”

“అంటే ఇంతసేపూ నన్ను బోనెక్కించి, ముక్కు నేలకి రాయించి, అట్ట మీద పేరు ఒప్పించుకుంది ఈ తెల్లకాగితానికా!”

“రావట్లేదురా. నిన్నటినుంచీ దాని ముందే కూర్చున్నా. చెయ్యి కదలడం లేదు. ఇలా ఎప్పుడూ అవలేదు నాకు.”

“ఎందుకు రాదు? ఇన్ని వారాలు వచ్చింది కదా. ఆ పిన్నీసూ, ఆ తెగిన చెప్పూ, గోడ వైపు తిప్పేసిన ఆ కుర్చీ… అవన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయి?”

“కిటికీలోంచి.”

“ఏ కిటికీ?”

“నీ వెనకాల ఉన్నదే. తలుపు తోసి చూడు. ఎదురు భవనం, రెండో అంతస్తు, గళ్ళ కర్టెన్. అక్కడ ఒకావిడ కుట్టుమిషను దగ్గర కూర్చుని ఉండేది.”

“మన కథలో ఆవిడ కూడా కుట్టుమిషనే… కర్టెన్ కూడా గళ్ళదే…”

“ఊఁ.”

“ఓహో! ఓహోహో! ఇదా సంగతి! దొంగే దొంగా దొంగా అని అరిచినట్టుంది. నేను నీ బొమ్మ చూసి రాస్తే బద్ధకం, నువ్వు ఎదురింటావిణ్ణి చూసి వేస్తే కళా? అట్ట మీద లావుగా పేరు కావాలన్న మహాతల్లి చేసేది ఇదా?”

“నవ్వు. ఇవాళ నవ్వే హక్కు నీకుంది.”

“మరి అట్ట మీద ఆవిడ పేరే వేసేద్దామా?”

“ఆవిడ పేరు నాకు తెలీదురా.”

“ఇన్నాళ్ళు చూస్తూ పేరు కూడా…”

“చూడటమే. ఒక్కసారి మెట్లు దిగి వెళ్ళి పలకరించింది లేదు. పలకరిస్తే బొమ్మ పాడవుతుందనుకున్నాను. ఎంత పొగరు చూడు నాకు.”

“సరేలే, ఇప్పుడేమైంది? మళ్ళీ కిటికీలోంచి చూసి వేసెయ్. ఆవిడేం చేస్తోంది?”

“అక్కడ లేదు. కిందటిసారి బొమ్మ ఇవ్వాల్సినప్పుడు ఆవిడ కర్టెన్ మూసేసింది. రోజుల తరబడి తియ్యలేదు. ప్రెస్సు వాళ్ళవి ఫోన్ల మీద ఫోన్లు. ఏం చెయ్యాలో తోచక, మొదటిసారి నేను చూడనిది వేశాను.”

“ఏది?”

“గుమ్మం దగ్గర పెట్టె. దాని మీద ఆవిడ చెయ్యి.”

“అది బ్రహ్మాండమైన బొమ్మ! ఎంత రాశాను దాని మీద! ‘సర్దుకుపోవడమే ఇంతకాలం ఆమెకి తెలుసు, ఇవాళ పెట్టె సర్దుకుంది’ అని ఎత్తుకున్నాను చూడు…”

“ఎత్తుకున్నావు. నాలుగు కాలమ్‌లు ఊదావు. మొన్న పత్రిక బజార్లోకి వచ్చింది. నిన్న పొద్దున నేను కిటికీ తెరిచేసరికి ఆవిడ మెట్లు దిగుతోంది. చేతిలో పెట్టె.”

“అంటే… ఆవిడ మన సీరియల్ చదువుతుందా?”

“ఈమధ్య మిషను కిటికీకి దగ్గరగా జరుపుకుంది. వెలుతురు కోసమనుకున్నాను. నిన్న రోడ్డు మీద ఆగి, తలెత్తి, సరిగ్గా ఇటే చూసింది.”

“ఏమంది?”

“చెయ్యి ఊపింది. వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ నాకు కుంచె పట్టుకోవాలంటే భయంగా ఉంది.”

“భయమెందుకు? అక్కా, నీకర్థమవుతోందా? నా అక్షరం చదివి ఒక మనిషి గడప దాటింది! రాతల వల్ల ఏం ఒరుగుతుందని అడిగే వెధవలందరికీ ఇదీ సమాధానం!”

“నీ అక్షరమా? నా పెట్టె లేకపోతే నీ అక్షరం ఎక్కడ కూర్చునేదిరా?”

“పెట్టెలు బజారు నిండా ఉంటాయి. ఆవిణ్ణి కదిలించింది వాక్యం.”

“ఆవిడ తన చెయ్యి పెట్టె మీద ఉండటం కళ్ళారా చూసుకుంది. అందుకు కదిలింది. బొమ్మ!”

“వాక్యం!”

“బొమ్మ అంటుంటే! …బెల్లు మోగింది. వెళ్ళి తలుపు తియ్యి.”

“ప్రెస్సు వాళ్ళు అప్పుడే మనిషిని పంపారా?”

“అయ్యుండదు. పొద్దున ఒకాయన వచ్చి, ఈ సీరియల్ రాసేదెవరండీ అని అడిగాడు. సాయంత్రం ఇక్కడికే వస్తాడు, అప్పుడు రండన్నాను.”

“అభిమానా? ముందే చెప్పొద్దూ, కాస్త జుట్టు దువ్వుకునేవాణ్ణి. …రండి రండి, నమస్కారం. లోపలికి రండి.”

“నమస్కారమండి. నేను ఎదురు భవనంలో ఉంటాను. ఆ గళ్ళ కర్టెన్ ఇల్లు మాదే. ఈ కథ రాసేది మీరేనా అండీ?”

“నేనా? అంటే… పూర్తిగా నేనని చెప్పలేం. నేను బొమ్మ చూసి రాస్తానండి, అంతే. బొమ్మలు మా అక్కవి.”

“నాకు కనపడింది నేను వేస్తానండీ. అంతకుమించి నాకేం తెలీదు. ఆ మాటలన్నీ వీడివే.”

“అదేంటక్కా, పెట్టె నువ్వు…”

“నువ్వూరుకో.”

“అయ్యో, మీరు గొడవపడకండి. నేను తగాదాకి రాలేదు. నాకసలు కథలు చదివే అలవాటు లేదండి. నిన్న మిషను సొరుగులో పత్రికలన్నీ వరసగా పేర్చి కనపడితే, కూర్చుని మొదట్నుంచీ చదివాను. బొమ్మలన్నీ ఈ కిటికీలోంచి చూసి వేసినట్టే ఉన్నాయి, అందుకే ఇక్కడికొచ్చాను. మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంటుందన్న సంగతి మీ బొమ్మలో చూశాకే తెలిసిందండి నాకు.”

“కూర్చోండి. కాసిని మంచినీళ్ళు తాగండి.”

“వద్దమ్మా. వాళ్ళ అక్కయ్య ఇంట్లో లేదు, స్నేహితురాళ్ళ ఇళ్ళలో లేదు. తెలిసినచోటల్లా అడిగాను. మీరిద్దరూ ఆవిణ్ణి ఇంత దగ్గరగా చూసినవాళ్ళు, మీకు తెలీకుండా ఉండదు. పత్రిక వచ్చేదాకా ఆగలేనండి. వచ్చేవారం మా ఆవిడ ఎక్కడికెళ్తుందో, కాస్త ముందుగా నాకు చెప్తారా?”